6,800 పౌండ్ల బొమ్మ: కొనండి, ఇంటికి మాత్రం లారీ మీద తెచ్చుకోండి

ప్రశ్న: లండన్‌లో హౌన్‌స్లోలో ఉంటాను. ఐటీ ఉద్యోగం, వయసు 36. లోటస్ సెవెన్ అనే పైకప్పు లేని పాత బ్రిటిష్ కారు తరహాలో చిన్న స్పోర్ట్స్ కారు ఒకటి యార్క్ దగ్గర అమ్మకానికి ఉంది. పాత ఫోర్డ్ సియెర్రా కారు భాగాలతో, ఫోర్డ్ వాళ్లదే రెండు లీటర్ల పింటో ఇంజిన్‌తో ఒకాయన తన షెడ్డులో కట్టుకుని, 1999లో రిజిస్టర్ చేయించుకున్నది. క్యూ నంబర్ ప్లేటు. 6,800 పౌండ్లు చెబుతున్నారు. నా పొదుపు 14,000. నెల ఖర్చు 2,400, అన్నీ పోను నెలకు 700 మిగులుతుంది. సగం పొదుపు లోంచి తీసి, సగం పర్సనల్ లోన్ పెట్టి, ఈ సెప్టెంబరు ఆఖర్లో రైల్లో వెళ్లి కారు నడుపుకుంటూ రావాలని ఉంది. మా ఆవిడ “అది కారు కాదు, బొమ్మ” అంటోంది. మీ సలహా?

సమాధానం: మీ ఆవిడ మాటే నిజం, అది బొమ్మే. బొమ్మ కొనుక్కోవడం తప్పు కాదు, బొమ్మల కోసం పక్కన పెట్టుకున్న డబ్బుతో కొంటే. లోన్ డబ్బు ఆ ఖాతాలోది కాదు కాబట్టి లోన్ మాట ఇక్కడే వదిలేద్దాం.

మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే 7,200 పౌండ్లు, ఏమైనా సరే ముట్టుకోకూడదు. వీసా, ఉద్యోగం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే ఇంకా ఎక్కువే ఉంచుకోమంటాను. 14,000లో అది తీసేస్తే మీ చేతిలో ఉన్నది సరిగ్గా 6,800. “చూశారా, సరిపోయింది” అంటారేమో. సరిపోయింది కారు ధర ఒక్కటే. అది మీ ఇంటి ముందు నిలబడి ఏడాది తిరిగేసరికి ఇంకో 2,000 తింటుందని నా అంచనా. బీమా ఓ 300, రోడ్డు పన్ను సుమారు 350, టైర్లు 350, ఎంఓటీ అనే ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్ తనిఖీ 55, రవాణా 300, కొన్న వారంలోనే మెకానిక్‌కి అప్పగించి బ్రేకులు, పైపులు, ఆయిళ్లు చూపించడానికి 400. మిగిలిన 245 ఎవరూ ముందే ఊహించలేని దానికి. షెడ్డులో ఒక మనిషి తన పద్ధతిలో కట్టిన కారులో అలాంటిది ఏదో ఒకటి ఉండకపోదు.

మీరు రాయని ఖర్చు ఇంకొకటి ఉంది. యూలెజ్, అంటే పొగ ఎక్కువ వదిలే బండ్ల మీద వేసే రోజువారీ రుసుము, 2023 ఆగస్టు 29 నుంచి లండన్ బరోలన్నిటికీ (నగరంలోని పాలనా విభాగాలకు) వర్తిస్తోంది, హౌన్‌స్లో కూడా అందులోనిదే. అది పడకూడదంటే పెట్రోలు కారు యూరో 4 అనే కాలుష్య ప్రమాణానికి తూగాలి. పింటో ఇంజిన్ ఆ ప్రమాణం పుట్టకముందుది. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైట్‌లో ఆ నంబరు కొట్టి ఖాయం చేసుకోండి, కానీ లెక్క మాత్రం పడుతుందనే వేసుకోండి. కారు కదిలించిన ప్రతి రోజూ 12.50 పౌండ్లు. ఏడాదిలో 40 రోజులు సరదాగా తిప్పితే 500. కదలకుండా నిలబెట్టిన రోజుకి పడదు. తిప్పిన తరవాత మూడో రోజు అర్ధరాత్రి లోపు కట్టడం మరిచిపోతే జరిమానా 180, వెంటనే కడితే 90.

అందుకని నా సలహా: జనవరి దాకా ఆగండి. నాలుగు నెలల్లో 2,800 చేరి పొదుపు 16,800 అవుతుంది. 7,200 పక్కన పెడితే 9,600. కారు 6,800, మొదటి ఏడాది 2,000, యూలెజ్ 500, మొత్తం 9,300. అప్పు లేకుండా గట్టెక్కుతారు, 300 మిగులుతుంది కూడా. పైగా చలికాలంలో పైకప్పు లేని కారు అడిగేవాళ్లు తగ్గుతారు, బేరానికి అదే సమయం. ఈలోగా ఆ కారు ఎవరైనా ఎగరేసుకుపోతే పోనివ్వండి, ఇలాంటివి వస్తూనే ఉంటాయి.

కాగితాల దగ్గర మాత్రం తొందరపడొద్దు, అసలు డబ్బు పోయేది అక్కడే. ముందు వి5సి, అంటే లాగ్‌బుక్. దాని మీదే రాసి ఉంటుంది, అది యాజమాన్యానికి రుజువు కాదని. అందుకే కారు మీద ఎవరికైనా బాకీ ఉందేమో చెప్పే హిస్టరీ చెక్ డబ్బు కట్టి చేయించుకోండి, అమ్మే ఆయన చేతిలో ఉన్న పాత రశీదులూ అడగండి. తరవాత లాగ్‌బుక్‌లో ఆ కారుకి ఏం పేరుందో చదవండి. కారు చూస్తే లోటస్ సెవెన్ మోడల్‌లో ఉండి, కాగితంలో ఇంకా “ఫోర్డ్ సియెర్రా” అనే ఉంటే అక్కడితో ఆగిపోండి. ఉన్న కారు ఒకటి, రిజిస్టరైన కారు ఇంకొకటి అన్నమాట. రేపు క్లెయిమ్ వస్తే బీమా కంపెనీ ముందు పట్టుకునేది దాన్నే. క్యూ ప్లేటు గురించి కంగారు వద్దు. బండి వయసో, పుట్టుపూర్వోత్తరాలో తేల్చలేనప్పుడు డీవీఎల్‌ఏ, అంటే బండ్లు రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ, ఇచ్చే నంబరది. 1998 నుంచి ఇలాంటి కార్లకు ఎస్‌వీఏ అనే తనిఖీ ఉండేది, 2009లో దాని స్థానంలో ఐవీఏ వచ్చింది. 1999 బండి కాబట్టి ఎస్‌వీఏ కాగితం అడగండి. ఛాసిస్ మీద కొట్టిన నంబరు లాగ్‌బుక్‌తో అక్షరం అక్షరం పోల్చండి. ఎంఓటీ చరిత్ర ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఏటా ఎన్ని మైళ్లు తిరిగిందో, ఏ తుప్పు మళ్లీ మళ్లీ రాశారో అమ్మేవాళ్ల మాటల కన్నా అదే బాగా చెబుతుంది.

డీలర్ దగ్గర కొన్నప్పుడు ఉండే రక్షణ ప్రైవేటు వ్యక్తి దగ్గర ఉండదు. ఆయన చెప్పిన వర్ణనకు కారు తగ్గట్టుండాలి, ముఖ్యంగా అంతవరకే. ఆ ప్రకటనను ఫోనులో ఫొటో తీసి దాచుకోండి.

ఇక నడుపుకుంటూ రావడం. ఆశ నాకు అర్థమైంది. ఇలాంటి కారులో ఒకసారి పక్క సీట్లో కూర్చున్నాను. తలుపు లేదు, చెయ్యి కిందికి జారిస్తే రోడ్డు తగులుతుందా అన్నంత కిందికి ఉన్నాను. పక్కన లారీ వస్తే దాని చక్రం నట్లు నా కళ్లకు ఎదురుగా తిరిగాయి. పది మైళ్లు దిగకూడదనిపించింది, పదకొండో మైలు నుంచి నడుము గుర్తొచ్చింది. మీ దారి 200 మైళ్లు.

నడుము సంగతి అలా ఉంచి డబ్బు సంగతి చూడండి. రోడ్డు పన్ను 2014 అక్టోబరు నుంచి కారుతో పాటు చేతులు మారదు. కొన్నవాళ్లే, లాగ్‌బుక్‌లోని ఆకుపచ్చ చీటీ మీద ఉన్న 12 అంకెల నంబరుతో, బండి కదలకముందే కట్టాలి. మీ మామూలు కారు బీమాలో “ఇతరుల కార్లు నడపవచ్చు” అని ఉన్నా, మీరు కొన్న క్షణాన అది ఇతరుల కారు కాదు. ఒక్కరోజు బీమాలు చాలావరకు ఇంట్లో కట్టిన కార్లను తీసుకోవు. బీమా లేకుండా దొరికితే 300 పౌండ్లు, లైసెన్సు మీద ఆరు పాయింట్లు. ఆ పాయింట్ల వల్ల తరవాత కొన్నేళ్లు మీ ఇంటి కారు ప్రీమియం కూడా పెరుగుతుంది. ఇలా ఇంట్లో కట్టుకున్న కార్లకు, అంటే కిట్ కార్లకు, బీమా చేసే ప్రత్యేక సంస్థల దగ్గర, విలువ ముందే ఒప్పుకుని రాసే “అగ్రీడ్ వాల్యూ” పాలసీ తీసుకోండి. లేకపోతే దొంగలు ఎత్తుకుపోయిన రోజున మీరు పెట్టిన డబ్బు కన్నా తక్కువే చేతిలో పెట్టొచ్చు.

ఇదంతా సరిచూసుకున్నా, ఎవరో కట్టిన బ్రేకుల మీద తొలి పరిచయంలోనే మోటార్‌వే ఎక్కడం నాకు ఇష్టం లేదు. ఏళ్లుగా షెడ్డులో నిలిచిన బండి అయితే ఇంకో గండం ఉంది. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పంపుల్లో పోసేది పది శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ10 పెట్రోలు, పాత రబ్బరు పైపులకు అది పడదు. ఇథనాల్ తక్కువుండే సూపర్ అన్‌లెడెడ్ పోయించాలి. దారి మధ్యలో పైపు చిరిగి రికవరీ లారీ పిలిస్తే 300 దాటుతుంది. అదే 300 ముందే పెట్టి లారీ మీద తెప్పించుకుంటే మీ మెకానిక్ ముందు చూస్తాడు, మీరు తరవాత నడుపుతారు.

పెట్టుబడి అని మాత్రం అనకండి. లాభానికి అమ్ముకున్నా సొంత కారు మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, నష్టం వస్తే చూపించుకునే వీలూ లేదు. ఇండియాకు తెచ్చుకుందామన్న ఆలోచన ఉంటే, మూడేళ్లు దాటిన వాడిన కారును అక్కడ దిగుమతికి ఒప్పుకోరు.

యార్క్‌కి రైలు టికెట్ కొనకముందే అమ్మే ఆయనకి ఫోన్ చేయండి. లాగ్‌బుక్‌లో కారు పేరున్న వరస చదివి వినిపించమనండి. తరవాత టైరు పక్కన అచ్చు వేసిన నాలుగు అంకెలు చెప్పమనండి. 2309 అంటే 2009లో 23వ వారంలో చేసిన టైరు. కొత్త టైర్లకు నేను వేసిన 350ని అప్పుడే ధరలోంచి తగ్గించమని అడగొచ్చు.