నడుస్తున్న ప్రాసెస్‌కి స్ట్రేస్ తగిలించడం ఎలా?

పలాస జీడిపప్పు మిల్లులో బిల్లింగ్ సర్వర్ మధ్యలో బిగుసుకుపోతోంది, ఆపకుండా లోపల ఏం జరుగుతోందో చూడాలి అని కదా అడిగారు. దానికి స్ట్రేస్ వాడొచ్చు, అది ప్రోగ్రాం లినక్స్ కెర్నెల్‌ని ఏమేం అడుగుతోందో లైను లైనుగా చూపించే టూల్. అయితే రీస్టార్ట్ మాత్రం చేయకండి, చేస్తే ఆధారం కాస్తా పోతుంది. పిడాఫ్ కమాండుతో ప్రాసెస్ నంబరు పట్టుకుని 'సుడో స్ట్రేస్ -ఎఫ్ -పి నంబరు' కొట్టండి. రెండూ చిన్న అక్షరాలే (పెద్ద పి అంటే ఫైల్ పాత్ ఫిల్టర్, వేరే సంగతి), ఎఫ్ లేకపోతే మిగతా థ్రెడ్లు కనబడవు.

సుడో (అడ్మిన్ హక్కులతో నడపడం) ఎందుకంటే, ఉబుంటులో ప్ట్రేస్ స్కోప్ (ఒక ప్రాసెస్ ఇంకోదానిలోకి తొంగిచూడటం మీద ఉండే కట్టడి) మామూలుగా 1 ఉంటుంది, అంటే మీ యూజర్‌దే అయినా స్ట్రేస్ తానే స్టార్ట్ చేయని ప్రాసెస్‌ని ముట్టుకోనివ్వదు. సుడోతోనూ కుదరకపోతే జీడీబీ లాంటి డీబగ్గర్ ముందే పట్టుకుని ఉందేమో చూడండి, ఒకేసారి ఇద్దరు ట్రేసర్లు కుదరదు. కంట్రోల్ సి కొడితే స్ట్రేసే వదిలేస్తుంది, సర్వర్‌కేం కాదు. కాకపోతే తగిలించినంతసేపూ బాగా నెమ్మదిస్తుంది, కౌంటర్ దగ్గర రద్దీ ఉన్నప్పుడు వద్దు.

స్టార్ట్ అవుతూనే పడిపోయే ప్రోగ్రామైతే అటాచ్‌కి టైమే దొరకదు, 'స్ట్రేస్ -ఎఫ్ -ఓ ఫైలుపేరు ప్రోగ్రాం' అని దానితోనే మొదలెట్టాలి.

మీ కేసులో చివరి లైను రీడ్ (డేటా చదివే కాల్) దగ్గర, 5 మీద ఆగి ఉందనుకోండి, ఆ 5 అంటే ప్రాసెస్ తెరిచిన ఫైల్ లేదా కనెక్షన్ నంబరు. ప్రాక్‌లో (ప్రాసెస్‌ల వివరాలుండే /proc ఫోల్డర్) ఆ ప్రాసెస్ ఎఫ్‌డీ ఫోల్డర్ తెరిచి 5 ఎటు చూపిస్తోందో చూడండి. సాకెట్ (వేరే ప్రోగ్రాంతో కనెక్షన్) అని ఉంటే అవతలివాళ్ల జవాబు కోసం కూర్చుందన్నమాట, నేనైతే ముందు డేటాబేస్‌నే అనుమానిస్తాను.