మండల పోటీలకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

శనివారం కబడ్డీ పోటీలకు మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి, ఆ మాట విని రాయకుండా ఉండలేకపోయాను.

అన్నిటికన్నా ముందు బరువు పరిమితి సంగతి. తూకంలో నెగ్గించడానికి పిల్లల్ని పస్తు పెట్టి, నీళ్లు మాన్పించి, ఎండలో స్వెట్టర్లతో పరుగెత్తించే శిక్షకులు ఉన్నారు. నువ్వు ఆ పాపం మూటగట్టుకోకు. గొంతు తడారిన పిల్లవాడికి కూత నిలవదు, 30 సెకన్లు గడవకముందే తెగిపోతుంది. పిక్కలు పట్టేస్తాయి. వడదెబ్బ తగిలితే ప్రాణం మీదికే వస్తుంది. వారం ముందే అందరినీ తూచు. పరిమితి దాటినవాణ్ణి జట్టులోంచి తప్పించు, కారణం నువ్వే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు. ఏడిస్తే ఏడవనీ.

ఆట రోజు తిండి ఆటకు రెండు మూడు గంటల ముందే ముగియాలి. ఇడ్లీ, అరటిపండు చాలు. పూరీలు, బజ్జీలు వద్దు. నీళ్లు మాత్రం కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఉండు.

పుట్టినతేదీ పత్రాలు, ప్రధానోపాధ్యాయుడి సంతకమున్న ఫారాలు రాత్రే సర్దుకో. గోళ్లూ రాత్రే కత్తిరించుకోమను. ఒంటికి నూనె రాసుకుంటే ఆడనివ్వరు.

మైదానానికి అందరికన్నా ముందు చేరి కోర్టంతా ఒకసారి నడిచి చూడు. రాళ్లు, గాజుపెంకులు ఉంటే ఏరించు. మీ బడిలో కోర్టుకు రెండు పక్కలా ఉండే పట్టీలకు, అంటే లాబీలకు, గీతలు వేయరు కదా, పిల్లలు తడబడేది అక్కడే. ఎవరినీ తాకకుండా లాబీలో కాలు పెడితే ఔటని, తాకిన తరువాతే అది ఆటలోకి వస్తుందని గీత పక్కన నిలబెట్టి చూపించు. అవతలి జట్టు వైపు లోపల ఉండే బోనస్ గీత దాటితే అదనపు పాయింటు వస్తుంది కానీ, ఎదుట ఆరుగురికన్నా తక్కువ మంది ఉంటే దాటినా రాదని గుర్తుచెయ్యి. ఉత్సాహంలో కూతకు వెళ్లే రైడర్లు ఆ లెక్క మరిచి ఊరికే లోపలికి వెళ్లి దొరికిపోతారు.

కొత్త పట్లు ఆ పొద్దున నేర్పకు. వాళ్లకు బాగా వచ్చిన చీలమండ పట్టు, ఇద్దరు చేతులు కలిపి పట్టే గొలుసు పట్టు చాలు.

ఆడే ఏడుగురి పేర్లు ముందురోజే చెప్పెయ్యి. బయట కూర్చునే ఐదుగురిని ఖాళీగా ఉంచకు. ఒకడికి కాగితం, పెన్సిలు ఇచ్చి ఖాళీ రైడ్లు, అంటే ఎవరికీ పాయింటు రాని కూతలు, లెక్కపెట్టమను. వరుసగా రెండు ఖాళీ పోతే మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే రైడర్ ఔటే, కాబట్టి వాడు కేక వేసి చెప్పాలి. ఆ పని అప్పగించిన పిల్లవాడి ముఖం చూడు, జట్టులో తానూ ఉన్నానని వాడికి అప్పుడే తెలుస్తుంది.

టైమౌట్ ఉండేది అర నిమిషమే. ముందు నీళ్లు ఇవ్వు, తరువాత ఒక్క మాట చెప్పు. తిట్టడానికి ఆ సమయం వాడకు. రెఫరీతో కెప్టెన్‌నే మాట్లాడనివ్వు.

తలకు దెబ్బ తగిలినవాడు "బాగానే ఉన్నాను సార్" అన్నా, ఫైనల్ అయినా సరే, మళ్లీ కోర్టులోకి పంపకు. వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లు. ఈ ఒక్కదానిలో ఎవరు ఒత్తిడి చేసినా, ఊరి పెద్దలే వచ్చి అడిగినా లొంగకు.

ఓడితే తిరుగు ప్రయాణంలో తప్పులు ఎంచకు, అవి సోమవారం మాట్లాడుకోవచ్చు. బస్సు దిగాక పేర్లు పిలిచి లెక్క చూసుకో. దూరపు ఊళ్ల పిల్లల్ని వాళ్ల ఇంటివాళ్ల చేతికి అప్పగించాకే నువ్వు ఇంటికి వెళ్లు.

మీ మామయ్య