గ్రేడ్ 1 అన్నారని ఊరుకోకు

అల్లుడూ,

నువ్వు పంపిన స్కానింగ్ రిపోర్టు చూశాను. ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, కంగారేం లేదు’ అన్నారని నీ సంతోషం. అదే మాట పట్టుకుని నేనూ ఆరేళ్లు హాయిగా తిరిగాను. ఆ గ్రేడు చెప్పేది లివర్లో కొవ్వు ఎంత చేరిందనే. లోపల ఎంత మచ్చ కట్టింది, ఎంత గట్టిపడింది అన్నది వేరే సంగతి. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. ముదిరితే సిరోసిస్ అయ్యేది అదే. అంతవరకూ నొప్పి ఉండదు, కామెర్లు రావు, అన్నం సయిస్తూనే ఉంటుంది.

నీకు షుగర్ కూడా ఉంది కాబట్టి ఫిబ్-4 లెక్క వేయించుకో. లివర్ ఎంత గట్టిపడి ఉండొచ్చో రక్తపరీక్ష అంకెలతో అంచనా వేసేది అది. ఖర్చేం లేదు. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (ఈ రెండూ లివర్ ఎంజైములు), ప్లేట్‌లెట్లు ఉంటే చాలు. ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) ఒక్కటే చేయిస్తే ప్లేట్‌లెట్లు రావు, అదే రోజు సీబీపీకి (రక్తకణాల లెక్కకు) కూడా రక్తం ఇవ్వు. జ్వరమో జబ్బో ఉన్నప్పుడు మాత్రం వద్దు, అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

నా పాత కాగితం ఇంకా దాచుకున్నాను. అప్పుడు నాకు 58. ఓటీ 39, పీటీ 36, ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. ఒక్క అంకె కింద కూడా గీత లేదు, అన్నీ నార్మలే! ఇప్పుడు లెక్క చూడు. వయసును ఓటీతో గుణిస్తే 2262. ప్లేట్‌లెట్లను వేలల్లో, అంటే 160గా తీసుకుని, పీటీ వర్గమూలం 6తో గుణిస్తే 960. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.36. (ఫోన్‌లో వేసేటప్పుడు ప్లేట్‌లెట్లు 1.6 అని కొట్టి నేను గుండె ఆగినంత పని చేసుకున్నాను. నువ్వు 160 అనే కొట్టు.)

1.3 లోపు వస్తే ప్రస్తుతానికి నిశ్చింత. షుగర్ ఉన్నవాడివి కనక ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూసుకోవాలి. 2.67 దాటితే లివర్ డాక్టరు దగ్గరికే వెళ్లు. మధ్యలో పడితే, నాలాగ, ఫైబ్రోస్కాన్, అంటే లివర్ ఎంత గట్టిపడిందో యంత్రంతో కొలిచే పరీక్ష. మీ అమ్మకు అరవై అయిదు దాటాయి, ఆవిడకు 1.3 బదులు 2 లెక్క. ముప్పై అయిదు లోపు వాళ్లకు ఈ లెక్క అంతగా నప్పదు.

ఫైబ్రోస్కాన్ అంటే బెంగ పడకు. మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చెయ్యి తల కింద పెట్టించి, పక్కటెముకల మధ్య జెల్ రాసి చిన్న యంత్రం ఆనిస్తారు. వేలితో చిటికేసినట్టు టక్ టక్ మని పదిసార్లు తగులుతుంది, అంతే. గట్టిదనం 8 కిలోపాస్కల్స్ లోపుంటే భయం లేదు. 12 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. నాది 13 వచ్చింది. అందుకే ఇప్పుడు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండు, క్యాన్సర్ ఏమన్నా తలెత్తుతోందేమోనని. ఆ ఆరేళ్లలో ఏ ఏడాదైనా ఈ లెక్క వేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో.

తాగుడు అలవాటు గురించి డాక్టరు అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు, అత్తగారి ముందు చెప్పినట్టు కాదు.

రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు. నేనూ లెక్క వేస్తాను, నీ లెక్కతో సరిచూద్దాం.

మీ మామయ్య