దిండు కింద పుస్తకం

ప్రశ్న: మాది శ్రీకాకుళం. బాబు అయిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. స్కూలు పుస్తకం తప్ప ఇంకోటి ముట్టడు. ఖాళీ దొరికితే ఫోనే. కొన్న కథల పుస్తకాలకి అట్ట కూడా నలగలేదు. పెళ్ళికి ముందు నాకు నవలలంటే ప్రాణం. ఇప్పుడూ మధ్యాహ్నం నాలుగు పేజీలు చదువుతాను గానీ మావారి బండి చప్పుడు వినబడితే పుస్తకం దిండు కింద పెట్టేస్తాను. ‘ఇంట్లో పనేం లేదా’ అంటారని. ఆయన ఇంటర్‌తో చదువు ఆపి మావయ్యగారి ఎరువుల షాపులో కూర్చున్నారు. ఇంటికొస్తే అన్నం దగ్గర కూడా ఫోనే. అత్తగారు మంచివారే, చూపు ఆనక పేపరు చదవలేకపోతున్నారు. బాబుకి ఏ పుస్తకాలు కొనాలి? రోజూ ఎంతసేపు కూర్చోబెట్టాలి?

జవాబు: అమ్మా, ఉన్న పుస్తకాలే ముట్టని పిల్లాడికి ఇంకో పది కొంటే అవీ అలాగే పడుంటాయి. కొనడం ఆపండి. ఎంతసేపు అన్న లెక్కా వద్దు. టైము పెట్టి కూర్చోబెడితే వాడికి అది ఇంకో ట్యూషన్.

ఆ దిండు సంగతి మీరు మామూలుగా రాసేశారు. నాకు మాత్రం ఉత్తరమంతా అక్కడే ఉంది. బండి చప్పుడు వినగానే గబగబా పేజీ మడిచి, దిండు కిందకి తోసి, వంటింట్లోకి వెళ్ళిపోయే అమ్మని పదేళ్ళవాడు ఎన్నిసార్లు చూసి ఉంటాడు! చదవడం నాన్న కంటపడకూడని పని అని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోను మాత్రం అన్నం కంచం పక్కనే దర్జాగా ఉంటుంది. మరి వాడు ఏది పట్టుకుంటాడు?

ముందు తేలాల్సింది మీకూ మీవారికీ మధ్య. కాపురంలో సర్దుకుపోవాలన్నది నేనూ నమ్ముతాను. కానీ వంట చేసి, బట్టలు ఆరేసి, అత్తగారికి మందులిచ్చి, మిగిలిన అరగంటలో నాలుగు పేజీలు చదువుకోడానికి దొంగచాటు దేనికి? దాన్ని సర్దుకుపోవడం అనను. మిమ్మల్ని మీరే తక్కువ చేసుకుంటున్నారు, పిల్లాడి ఎదురుగా.

మీవారిని చెడ్డవారనుకోవద్దు. పొద్దున్నుంచీ బస్తాల లెక్కలతో గడిపే మనిషికి, తను ఆపేసిన చదువు భార్య చేతిలో కనిపిస్తే లోపల ఎక్కడో కలుక్కుమంటుందేమో. దాన్ని గుచ్చకండి. ఆయన స్థిమితంగా ఉన్నప్పుడు, పిల్లాడు పక్కన లేనప్పుడు చెప్పండి: ‘రాత్రి అన్నాలయ్యాక నేనూ బాబూ కాసేపు చదువుకుంటాం. ఆ కాసేపు మీరూ ఫోను పక్కన పెడితే వాడు చూసి నేర్చుకుంటాడు.’ బతిమాలొద్దు, దెప్పొద్దు. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ రాత్రి పుస్తకం మాత్రం తీయండి, హాల్లోనే, లైటు కింద.

ఇక బాబు. ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది తెలుగులో ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తడబడతారు. నవ్వుతారేమోనని అసలు పుస్తకమే ముట్టరు. మీరొక పేజీ పైకి చదవండి, వాడొక పేరా చదువుతాడు. తప్పు పలికితే వెంటనే దిద్దకండి. మళ్ళీ మీ వంతు వచ్చినప్పుడు ఆ మాట సరిగ్గా పలికితే చాలు, వాడే పట్టుకుంటాడు. కథ మంచి పట్టులో ఉండగా ఒక్కోసారి ఆపేసి పడుకోండి. అయిపోయాక నీతి ఏమిటని అడగొద్దు. నచ్చని పుస్తకం సగంలో వదిలేస్తే వదిలేయనివ్వండి. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడ్డప్పుడు పాలకొండ, టెక్కలి, పాతపట్నం బోర్డులు ఎవరు ముందు చదువుతారో పందెం వేసుకోండి. అదీ చదువే.

మీ అత్తగారిని మర్చిపోకండి. ఆవిడకి పేపరు చదివి పెట్టే పని బాబుకి అప్పగించండి. నాయనమ్మ దగ్గర తప్పు చదివితే మార్కులు పోవు. ‘ఏటన్నావురా, మళ్ళీ సదువు’ అంటుంది, అంతే. తన చదువు ఇంట్లో ఒకరికి అవసరమని తెలిస్తే పిల్లాడు వేరేగా కూర్చుంటాడు.

మీ ఊళ్ళోనే కథానిలయం ఉంది. బడిపంతులుగా పనిచేసిన కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డుల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరిలో దాన్ని తెరిచారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట చేర్చాలని పట్టుబట్టిన మనిషి. ఒకసారి బాబుకి చూపించండి. కథల కోసమే ఒక మేడ కట్టారంటే వాడి కళ్ళు పెద్దవవుతాయి.

రోజువారీకి మాత్రం ప్రభుత్వ గ్రంథాలయం. సొంతిల్లయితే ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, రూపాయికి 8 పైసల లెక్కన గ్రంథాలయ పన్ను ఎటూ కడుతున్నారు. కొద్దిపాటి డిపాజిట్ కడితే పుస్తకాలు ఇంటికిస్తారు. మీవారు బండి మీద దింపుతానంటే సంతోషంగా ఎక్కండి, లోపలికి రమ్మని మాత్రం పట్టుబట్టకండి. అక్కడ కార్డు ముందు మీ పేరున తీసుకోండి, ఆ తర్వాత బాబుకి.