అలెబ్రీహెల్ని లైనో మీద చెక్కి కోలాజ్ చేయడం పిల్లలకు కుదురుతుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. మెక్సికో వాళ్ల అలెబ్రీహెల్లాంటి వింత జంతువుల్ని మీ పన్నెండేళ్ల పాప లైనో (అచ్చులు వేయడానికి చెక్కే మెత్తని లినోలియం పలక) మీద చెక్కగలదా అన్నది ఒకటి. అంత రంగురంగుల బొమ్మ నల్ల ఇంకులో వెలవెలబోదా అన్నది రెండోది. రెండేళ్లుగా మా అబ్బాయితో కలిసి ఆదివారాలు నేను చేస్తున్నది ఇదే.

చెక్కగలదు. కాకపోతే మొత్తం జంతువుని ఒకే పలక మీద చెక్కనివ్వకండి. నేను అదే తప్పు చేశాను. నక్క తల, చేప పొట్ట, గబ్బిలం రెక్కలు... మూడు వారాలు పట్టింది. ఇక అయిపోయింది అనుకునేసరికి ఉలి జారి మూతి ఎగిరిపోయింది. అప్పటి నుంచి తలలు, రెక్కలు, కాళ్లు, తోకలు దేనికది అగ్గిపెట్టంత, పోస్టుకార్డంత ముక్కల మీద చెక్కుతున్నాం. ఒక్కోటి పదేసి అచ్చులు తీసి, కత్తిరించి, ఇష్టమొచ్చినట్టు కలిపి అతికించడమే.

నిజానికి అలెబ్రీహె పుట్టిందే అలా. మెక్సికో సిటీలో పేద్రో లినారెస్ (1906–1992) అనే ఆయన కాగితంతో పీన్యాటాలు (వేడుకల్లో కర్రతో కొట్టి పగలగొట్టే మిఠాయి బొమ్మలు), ఈస్టర్ ముందు రోజు తగలబెట్టే, యేసుకి ద్రోహం చేసిన జూడాస్ బొమ్మలు చేసి బతికేవాడు. 1936లో పెద్ద జబ్బు చేసి పడుకున్నప్పుడు కలలో సీతాకోకచిలుక రెక్కల గాడిద, ఎద్దు కొమ్ముల కోడిపుంజు, గద్ద తల సింహం కనబడి ‘అలెబ్రీహెస్’ అని అరిచాయట. కోలుకున్నాక వాటిని కాగితంతోనే చేశాడు. చెక్క బొమ్మలు తర్వాత దక్షిణ మెక్సికోలోని వాహాకా వైపు వచ్చినవి. అక్కడి సాన్ మార్తిన్ తిల్కాహేతె అనే ఊరు వెళ్లినప్పుడు కోపాల్ అనే చెట్టు చెక్కతో చేసిన ఒకటి చేతిలోకి తీసుకున్నాను, మన కొండపల్లి బొమ్మలా తేలిగ్గా ఉంది. దాని ఒంటి మీద వేలెడు జాగాలో ఎన్ని చుక్కలో! లెక్కపెట్టబోయి మానేశాను.

ఆ చుక్కలే మీ రెండో సందేహానికి జవాబు. నలుపు అచ్చులు మెక్సికోకి కొత్త కాదు. అక్కడి చిత్రకారుడు పోసాదా (1852–1913) వేసిన పుర్రె బొమ్మలు అలాంటివే. 1937లో మొదలైన తాయెర్ దె గ్రాఫికా పొపులార్ అనే అచ్చు బొమ్మల బృందంలోని కళాకారులైతే లైనోతోనే ఎన్నో పోస్టర్లు వేశారు. రంగు చేసే పని ఇక్కడ గీతలు, చుక్కలు చేయాలి. సన్న ఉలిని నిటారుగా నిలబెట్టి, కింద పలకని గుండ్రంగా తిప్పితే చక్కని చుక్క పడుతుంది. వంపు గీతలకీ అంతే, చెయ్యి కదలకూడదు, పలక తిరగాలి. పలకని పట్టుకున్న రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ఈ ఒక్క విషయంలో పాప మీద కాస్త కోప్పడినా పరవాలేదు. లైనో గట్టిగా ఉంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది.

ఇంకు ఎంత పూయాలో చెవికి తెలుస్తుంది. రోలర్ దొర్లిస్తుంటే దోస పోసినప్పటి చప్పుడులా సన్నగా చుయ్ అనాలి. పచపచమంటే ఎక్కువైనట్టు, చుక్కలు పూడిపోతాయి. ప్రెస్ అక్కర్లేదు. కాగితం పరిచి స్టీలు గరిటె వెనక వైపుతో రుద్దితే చాలు. రంగు కావాలంటే రంగు టిష్యూ పేపర్ మీదో, పాత పెళ్లి శుభలేఖల మీదో నల్లగా అచ్చు వేయండి. మా ఇంట్లో బాగా కుదిరిన రెక్కలన్నీ శుభలేఖలవే.

అతికించేటప్పుడే మాకు కొంప మునిగింది. నీళ్ల ఇంకుతో వేసిన అచ్చులకి మైదా జిగురు రాస్తే, తడికి ఇంకు కరిగి నెమలి తల మసి గుడ్డలా తయారైంది. మెక్సికోలో కాగితం బొమ్మల వాళ్లు వాడేదీ పిండి జిగురే, కానీ వాళ్లు రంగు తర్వాత వేస్తారు. ఆ తేడా నాకు తట్టలేదు. నీళ్ల ఇంకైతే గ్లూ స్టిక్ వాడండి. ఆయిల్ ఇంకైతే వారం ఆరనిచ్చి మైదా రాయొచ్చు.

ఇంకోటి, అచ్చులో అన్నీ తిరగబడతాయి. కుడికి చూసే తల చెక్కితే ఎడమకి చూస్తుంది. ఒంటికీ తలకీ పొత్తు కుదరకపోతే మెడ వెనక్కి తిప్పినట్టు అతికించేయండి, అలెబ్రీహె కదా, ఎవరూ అడగరు. పాపతో ముందు తోకలు చెక్కించండి. చెడినా ఇంకో రకం తోక అవుతుంది.