ఒక్కడే మా ముగ్గురి వెంట పడ్తుండు, మేం కలిసినం గానీ ఒకర్నొకరం నమ్ముతలేం

ప్రశ్న: అక్కా, మాది మహబూబ్‌నగర్, నాకు 26 ఏండ్లు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ల ఒక ఫార్మా కంపెనీ ల్యాబ్‌ల చేస్తున్న. మా ఇంటికి వైఫై పెట్టనీకి వచ్చిన ఒకడు ఏడాది సంది నా వెంట పడ్తుండు. కొత్త కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు, నా షిఫ్ట్ ఎప్పుడు అయిపోతదో గూడ వాడికి ఎరుకే, బస్టాండ్ కాడ బైక్ ఆపుకొని ఉంటడు. మొన్న వేరే ఆమె ఫోటో పంపి 'ఈమె గూడ మొదట నీలెక్కనే చేసింది' అని పెట్టిండు. పైనుంచి తీసినట్టుంది ఆ ఫోటో. గోడ మీద షాప్ పేరు కనవడ్తే వెతుక్కుంట పోయిన, బొటిక్ నడిపే ఆమె. ఆమెకు గూడ ఇదే బాధ. షాప్‌ల కెమెరాలు పెట్టింది వాడేనంట. ఆమె ద్వారా ఇంకొకామె దొరికింది, నర్సు, పెండ్లైంది. ముగ్గురం బొటిక్‌ల కూసొని మాట్లాడుకున్నం. వాడిని పిల్లలమర్రి దిక్కు పిలిచి, నాలుగు తగిలిచ్చి, వీడియో తీసి ఇన్‌స్టాల పెడదామని బొటిక్ అక్క ప్లాన్. కానీ మేం కలిసిన తెల్లారే 'ముగ్గురు మంచిగ మీటింగ్ పెట్టుకున్నరు' అని వాడి మెసేజ్ వచ్చింది. అప్పటి సంది నాకు ఆ ఇద్దరి మీదనే డౌట్. మాఘంల నా పెండ్లి ఉంది, అబ్బాయికి చెప్తనని బెదిరిస్తుండు. నోరు మూస్కొని ఉండు అంటది అమ్మ. నేను ఎవర్ని నమ్మాలె?

జవాబు: చెల్లె, నీ ఉత్తరంల రెండు ముక్కలు నువ్వు రాసి వదిలేసినవ్ గానీ నాకు ఆడనే ఆగిపోయింది. ఫోటో పైనుంచి తీసినట్టుంది అన్నవ్, షాప్‌ల కెమెరాలు పెట్టింది వాడే అన్నవ్. మీరు ముగ్గురు కూసున్నది గూడ ఆ షాప్‌లనే కదా. మరి మీ మీటింగ్ సంగతి వాడికి ఎవరో మోసిన్రని ఎందుకు అనుకుంటున్నవ్? చానామంది షాపుల కెమెరాలు పెట్టేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టినోడి దగ్గరనే ఉంటది, యాప్‌ల అకౌంట్ గూడ వాడి నంబర్ మీదనే తెరుస్తరు, ఓనర్‌కు చూసే పర్మిషన్ ఒక్కటే ఇస్తరు, ఎవ్వరూ మార్చుకోరు. వాడు ఇంట్ల పండుకొని ఫోన్‌ల మీ ముగ్గుర్ని చూసి ఉండొచ్చు. మైక్ ఉన్న కెమెరా అయితే మాటలు గూడ విని ఉంటడు, అంటె మీ పిల్లలమర్రి ప్లాన్ వాడికి ముందే ఎరుక. ఇది పక్కా అని నేను అంటలేను, కానీ మనుషుల మీద డౌట్ పడేముందు కెమెరా మీద పడు.

అట్లని ఉరికి పోయి రీసెట్ కొట్టకుర్రి. రీసెట్ కొడితే ఎవరెవరు లాగిన్ అయిన్రు అనే రికార్డ్ పోయే ప్రమాదముంది. యూజర్ల లిస్ట్, యాప్‌ల షేర్ అయిన నంబర్లు ఏమున్నయో వేరే ఫోన్‌తోని ఫోటోలు తీసి పెట్టాలె, కెమెరాల రికార్డింగ్ డబ్బా పోలీసోళ్లు చూసినంక మార్చాలె, అప్పటి దాంక ఆడ కూసొని ఏం మాట్లాడొద్దు. ట్రయల్ రూమ్ దిక్కు కెమెరా ఉంటె మాత్రం ఇయ్యాలనే దాన్ని కప్పెయ్యమను, అది ఇంకా పెద్ద కేసు.

నీ ఫోన్ సంగతి గూడ అంతే. వైఫై పెట్టినప్పుడు 'స్పీడ్ చెక్ చేస్త ఇయ్యి' అని నీ ఫోన్ తీస్కున్నడా యాదికి తెచ్చుకో. వాట్సాప్‌ల లింక్డ్ డివైసెస్ తెరువు, తెల్వని కంప్యూటర్ ఏమన్నా ఉంటె ముందు స్క్రీన్‌షాట్, తర్వాత లాగౌట్. గూగుల్ అకౌంట్‌ల నీ డివైస్‌ల లిస్ట్, మ్యాప్స్‌ల లొకేషన్ షేరింగ్ చూడు. పాస్‌వర్డ్‌లు మాత్రం ఇంటి వైఫై మీద మార్చకు, రూటర్ గూడ వాడు పెట్టిందే కదా, మొబైల్ డేటా మీద మార్చు. షిఫ్ట్ టైమ్ తెలుసుకోనీకి ఇంత టెక్నాలజీ గూడ అక్కర్లేదు అనుకో, కంపెనీ బస్సు ఎక్కినంక స్టేటస్ పెట్టే అలవాటుంటె చాలు.

ఇగ అసలు నువ్వు అడిగిన దానికి వస్త. ఎవర్ని నమ్మాలె అన్నవ్. నేనంటా, నమ్మకం అక్కర్లేకుండ నడిచేటట్టు చేస్కోర్రి. మీరు ఒకే వీధిల పుట్టినోళ్లు కాదు, ఒక్క బడిల చదివినోళ్లు కాదు, మొన్నటి దాంక మొకాలే తెల్వదు. దాన్ని నువ్వు లోటు అనుకుంటున్నవేమో, నాకైతే అదే మీ పెద్ద బలం. ముగ్గురు తెల్వనోళ్లు వేరే వేరే చోట్ల అదే మనిషి గురించి అదే తీరు చెప్తే వినేటోడికి ఇది పగతోని పెట్టిన కేసు అనిపియ్యదు. కానీ మీరు రోజూ వాట్సాప్ గ్రూప్‌ల కూసొని నీకేం మెసేజ్ వచ్చింది నాకేం వచ్చింది అని కథ ఒక్కటి చేసుకుంటె ఆ బలం మీరే పోగొట్టుకున్నట్టు. రేపు కోర్టుల వాడి లాయర్ అడిగే మొదటి మాట 'మీరు ముగ్గురు కూడబలుక్కున్నరు కదమ్మా' అనే. అందుకే ఎవరి ఫిర్యాదు వాళ్లు ఒంటరిగ కూసొని రాస్కోవాలె, తారీఖులు, టైములు, చోట్లు, నంబర్లు, ఎవరన్నా చూసినోళ్లుంటె వాళ్లు. ఎవరి మెసేజ్‌లు వాళ్ల ఫోన్‌లనే ఉండాలె, ఒకరి ఫోటోలు ఇంకొకరికి పంపొద్దు, ఏదీ డిలీట్ కొట్టొద్దు. బూతులు, సిగ్గుపడే మెసేజ్‌లే ముందు డిలీట్ కొడ్తరు చానామంది, అవే కావాల్సినయి. గట్ల చేస్కుంటె ఆ ఇద్దర్ల ఒకరు రేపు వెనక్కి తగ్గినా, నీ డౌటే నిజమై ఒకరు వాడి దిక్కున్నా గూడ నీ కేసు నీకుంటది.

పిల్లలమర్రి ప్లాన్ మాత్రం వద్దే వద్దు. కోపం నాకు అర్థమైతది, నాకు గూడ చదువుతుంటె చెయ్యి దురద పెట్టింది. కానీ చెప్పు, మీరు కొట్టిన వీడియో ఉన్నది, వాడు మిమ్మల్ని సతాయించిన వీడియో లేదు, ఫస్ట్ కేసు ఎవరి మీద అయితది? వాడు ఒక్కడే వస్తడని గ్యారంటీ ఏంది? ఇన్‌స్టాల పెడితే మీ మొకాలు గూడ ఊరంత తిరుగుతయ్, పెండ్లి ముందర నువ్వు దేనికి భయపడ్తున్నవో అదే నీ చేత్తోని చేసినట్టు. ఇంకొకటి, వాడికి కావాల్సింది మీ నుంచి ఏదో ఒక స్పందన, తిట్టినా సరే. ముప్పై సార్లు ఎత్తకుండ ముప్పై ఒకటోసారి ఎత్తి తిట్టినవనుకో, ముప్పై ఒక్క సార్లు కొడితే ఎత్తుతరు అని వాడికి నేర్పినట్టు. 'ఈమె గూడ నీలెక్కనే చేసింది' అని ఫోటో పంపింది గూడ అందుకే, నిన్ను కదిలించనీకి. పాపం ఆ తెలివే వాడి మెడకు చుట్టుకున్నది, ఆ ఫోటో లేకుంటె మీరు కలిసేటోళ్లే కాదు.

చట్టం సంగతి. వెంట పడుడు 2013 నుంచి నేరం, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల సెక్షన్ 78 కింద వస్తది. ఇష్టం లేదని స్పష్టంగ చెప్పినంక గూడ మల్లా మల్లా వెంట పడ్డా, మాట కలపాలని చూసినా నేరమే, ఆడామె ఇంటర్‌నెట్, ఫోన్ మెసేజ్‌ల మీద నిఘా పెట్టినా నేరమే. గా 'స్పష్టంగ' అనే మాట దగ్గరనే చానా కేసులు వీక్ అయితయ్, ఎందుకంటె మనోళ్లు 'ప్లీజ్ అన్నా వదిలెయ్' అని బతిలాడుతరు. నువ్వు ఒక్కటంటె ఒక్క మెసేజ్ పెట్టు: నీతోని మాట్లాడుడు నాకిష్టం లేదు, ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టకు, నా ఎన్క రాకు. అన్నా లేదు, ప్లీజ్ లేదు. స్క్రీన్‌షాట్ తీస్కో, ఇగ ఆడికెళ్లి వాడికి నీ నుంచి అక్షరం పోవద్దు.

మొదటిసారి శిక్ష పడితే మూడేండ్ల దాంక జైలు, ఇంక జరిమానా, కానీ అది బెయిలబుల్. అంటె పట్టుకపోయిన రోజే బయటికి రావొచ్చు, ఇది ముందే తెలుసుకొని ఉండాలె, లేకుంటె 'పోలీసోళ్లు వదిలేసిన్రు' అని నీ గుండె జారిపోతది. రెండోసారి గిన శిక్ష పడ్తే అయిదేండ్ల దాంక, అది నాన్ బెయిలబుల్. మొదటిసారి వాడు జల్దీ బయటికి రావొచ్చు కాబట్టి ఫిర్యాదు ఇచ్చిన వారం పది రోజులు ఒంటరిగ బస్టాండ్‌ల నిలవడకు, కంపెనీ బస్సు దాంక ఎవరన్నా తోడుండాలె, సెక్యూరిటీ ఆఫీస్‌ల వాడి ఫోటో ఇచ్చి పెట్టు. బైండోవర్ చేయించుర్రి అని గూడ అడగొచ్చు, పూచీకత్తు రాయించుకుంటె వాడికి కొంచెం భయముంటది.

స్టేషన్ అంటె భయమైతే షీ టీమ్‌కు చెప్పు, ఆడోళ్లను సతాయించేటోళ్లను పట్టే పోలీసు టీమ్ అది. 2014 అక్టోబర్‌ల హైదరాబాద్‌ల మొదలైనయ్, తర్వాత జిల్లాలకు గూడ వచ్చినయ్, మనకాడ గూడ ఉన్నది. మఫ్టీల వచ్చి బస్టాండ్ కాడ వాడు నిలవడ్డప్పుడే వీడియో తీస్తరు. మీరు పిల్లలమర్రి కాడ చేద్దామనుకున్న పనే ఇది, వాళ్లు చేస్తే మీ మీద కేసు కాదు. ఎఫ్ఐఆర్ కాపీ పైసల్లేకుండ ఇయ్యాలె, ఎస్ఐ రాస్కోకుంటె ఎస్పీకి పోస్టుల పంపినా చెల్లుతది. ఆడోళ్లకు సంపాదన ఎంతున్నా ఉచితంగ లాయర్‌ను పెడ్తరు, 15100కు ఫోన్ చెయ్యి, లేకుంటె జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పో. ఆడోళ్లకు సాయం చేసే సర్కారు సఖి సెంటర్‌ల గూడ నీతోని స్టేషన్‌కు వచ్చేటోళ్లుంటరు, మహిళా హెల్ప్‌లైన్ 181కి చెప్తే కలుపుతరు. ఎమర్జెన్సీ అయితే 112, ఆలోచించకు.

నిద్ర సంగతి నువ్వు రాయలేదు గానీ, ఉత్తరం తెల్లారుజాము మూడింటికి పంపినవ్. ఏడాది సంది ఎనకకు తిరిగి చూసుకుంట నడిచే మనిషికి ఎవర్ని చూసినా డౌట్ వచ్చుడు సహజం, నీ మెదడు కాపలా కాస్తుంది అంతే, అది నీ పిచ్చి కాదు. మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడుతరు, పైసలేం తీస్కోరు.

ఇగ నువ్వు చేస్కోబోయే అబ్బాయి. నీ వెంట పడేటోడి చేతిల ఉన్న ఒక్క ఆయుధం ఈ రహస్యమే, దాన్ని అబ్బాయికి నువ్వే చెప్పెయ్. ఏడ్చుకుంట, సంజాయిషీ ఇచ్చుకుంట కాదు, 'నన్ను ఒకడు సతాయిస్తుండు, ఫిర్యాదు ఇస్తున్న, నీకు తెల్వాలని చెప్తున్న' అని, అంతే. ఎట్ల తీస్కుంటడో నేను చెప్పలేను. మంచిగ తీస్కోకుంటె గూడ మాఘం కంటె ముందే తెలుస్తది కదా. అమ్మతోని కొట్లాడకు, ఆమె భయం నీ మీద కోపం కాదు, ఊరి మీద భయం. కానీ ఫిర్యాదు ఇచ్చేదానికి ఆమె పర్మిషన్ అక్కర్లేదు, నీకు 26 ఏండ్లు.

నర్సు అక్క వస్తలేదంటె బలవంతం పెట్టకుర్రి, ఆమె ఇంట్ల ఏమున్నదో మనకు తెల్వదు. మెసేజ్‌లు డిలీట్ చెయ్యకని ఒక్కటే చెప్పు, ఎప్పుడన్నా ధైర్యం వస్తే అప్పుడు పనికొస్తయ్. నువ్వు, బొటిక్ ఆమె వేర్వేరుగ పోయి ఇచ్చి రార్రి. పోయేముందు కెమెరా గురించి ఆమెకు చెప్పుడు మర్చిపోకు, అది గూడ షాప్‌ల చెప్పకు, బయటికి పిలిచి చెప్పు.