మా కాలనీ బడిలోంచి 3, 4, 5 తరగతులు తీసేస్తామంటున్నారు, ఆపగలమా?

విజయవాడ సింగ్‌నగర్ వైపు మున్సిపల్ ప్రైమరీ బడిలో ఒకటి, రెండు తరగతులు మాత్రం ఉంచి, మిగతా పిల్లల్ని దూరంగా ఉన్న మోడల్ ప్రైమరీ స్కూలుకు పంపుతామంటున్నారని, దానికి పేరెంట్స్ కమిటీ సంతకాలు అడుగుతున్నారని రాశారు. ఆపే అవకాశం ఉందండీ. కాకపోతే ధర్నాతో మొదలుపెట్టకండి.

ముందు ఒక్కరు కూడా టీసీ తీసుకోకుండా చూడండి. భయపడి పదిమంది ప్రైవేటుకు వెళ్లారంటే "పిల్లలు లేరు" అన్న మాటకు రుజువు మనమే ఇచ్చినట్టు. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రైమరీలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. అంటే 61వ పిల్లకీ 60వ పిల్లకీ మధ్య తేడా ఒక టీచరు పోస్టు. హాజరు రిజిస్టరులో ఉన్న సంఖ్య, యూడైస్‌లో (బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ ఆన్‌లైన్ లెక్క) కనిపించే సంఖ్య ఒకటేనా అన్నది కూడా చూసుకోండి. ఆధార్ తప్పు వల్ల పేరు ఎక్కని పిల్లలు దాదాపు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు ఉంటారు.

ఇక దూరం. రాష్ట్ర నియమాల్లో ఒకటి నుంచి అయిదు తరగతులకు బడి 1 కిలోమీటరు లోపు ఉండాలి. వరద, రోడ్డు లేకపోవడం, దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ హద్దును ఇంకా తగ్గించాలి. ఫైల్లో రాసే దూరం తరచు బడి గేటు నుంచి బడి గేటుకు లెక్కేసినదై ఉంటుంది. మీరు పిల్ల ఇంటి గుమ్మం నుంచి కొలవండి. ఉదయం ఎనిమిదిన్నరకు, అంటే ఆటోలు, లారీలు తిరిగే వేళలో, ఫోన్‌లో నడక దూరం ఆన్ చేసుకుని మూడో తరగతి పిల్లను పక్కన పెట్టుకుని నడవండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నిసార్లు రోడ్డు దాటారు, రైలు పట్టాలో కాలువో అడ్డొచ్చిందా అన్నవి రాసుకోండి. ప్రతి మలుపు దగ్గరా ఒక ఫొటో. ఇరవై ఇళ్లకు ఈ పట్టిక ఉంటే చాలు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిన వీధి అయితే ఆ మాటా రాయండి, నియమంలో వరద అన్న పదం ఉంది కదా.

సంతకాల విషయం జాగ్రత్త. ఖాళీ మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టకండి, తీర్మానం తర్వాత ఎవరి చేతిరాతలోనో నిండుతుంది. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మహిళలు. మీటింగ్ పెట్టించి "తరగతుల తరలింపునకు అంగీకారం లేదు, కారణం జతచేసిన దూరాల పట్టిక" అని రెండు ముక్కల్లో తీర్మానం రాయించి, ఆ పేజీ ఫొటో తీసుకోండి.

అర్జీలో "117 జీవో రద్దు చేయాలి" అని పాత కాగితం చూసి రాసేవాళ్లున్నారు. బడుల విలీనంపై వచ్చిన ఆ 2022 జీవో 2025లోనే పోయింది, దాని స్థానంలో 19, 20, 21 జీవోలు వచ్చాయి. చదివే అధికారి అక్కడే పక్కన పడేస్తాడు. అలాగే ఒకే అర్జీలో టాయిలెట్లు, భోజనం, టీచర్లు అన్నీ కలపకండి. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ చివరికి ఎంఈవో (మండల విద్యాధికారి) దగ్గరికే వస్తుంది, పది విషయాలుంటే "నిబంధనల ప్రకారం చర్యలు తీసుకున్నాం" అన్న ఒక్క వాక్యంతో మూసేస్తారు.

దీనికంటే గట్టిది విద్యాహక్కు చట్టంలోని 32వ సెక్షన్. ఫిర్యాదు స్థానిక సంస్థకు, అంటే మీకు కార్పొరేషన్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. వాళ్లు మీ వాదన విని మూడు నెలల్లో తేల్చాలి, నచ్చకపోతే అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు. ఆఫీసులో కాగితాలు తీసుకునే తపాల్ విభాగంలో ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవడం మరిచిపోవద్దు, ఆ మూడు నెలలు అక్కణ్నుంచే లెక్క. పక్కనే సమాచార హక్కు దరఖాస్తు ఒకటి: మా బడిని ఏ బడికి కలిపారు, దూరం ఎవరు ఏ తేదీన కొలిచారు, ఆ పత్రం నకలు. జవాబుకు 30 రోజులు. తెల్లకార్డు నకలు జతచేస్తే ఫీజు ఉండదు.

బడులు తెరిచేది జూన్ 12న. అప్పుడు అర్జీ ఇస్తే తేలేసరికి సెప్టెంబరు, పిల్లలు అప్పటికే అక్కడ కూర్చుని ఉంటారు. ఫిబ్రవరి చివరికల్లా కాగితాలు లోపలికి వెళ్లిపోవాలి.